రెండు కాంటాలు, ఒక మొత్తం

తొంభైల చివర్లో నేను రాయ్‌పూర్ దగ్గర సుపేలాలో ఒక కంప్యూటర్ సెంటర్‌లో జావా నేర్పేదాన్ని. కింద చెప్పుల దుకాణం, పైన మేము. నేర్పేదాన్ని అంటే, ముందురోజు నాకు అర్థమైనంత మర్నాడు పిల్లలకు అప్పజెప్పేదాన్ని. కరెంటు ఉన్నంతసేపు క్లాసు, పోతే కబుర్లు. అప్పట్లో నాకు కంపైలర్ అంటే భయం, భక్తి రెండూ ఉండేవి. మనం రాసిన ప్రోగ్రాం తప్పుల్లేకుండా ఉందో లేదో చూసి, యంత్రానికి అర్థమయ్యేలా మార్చిపెట్టేది అదే. వాక్యం చివర సెమీకోలన్ మర్చిపోతే కసిరేది. పేరు ఉండాల్సిన చోట అంకె పెడితే కయ్యిమనేది. పదిమందిలో కోడలి తప్పులు ఎంచే అత్తగారిలాగా వరుసపెట్టి చదివేది. అలాంటిది, అసలు అరవాల్సిన ఒక్కచోట బెల్లం కొట్టిన రాయిలా కూచుంది. దానివల్ల మా వీధిలో ఒక మనిషి దొంగయ్యాడు. ఆ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు, తగ్గాలని కూడా లేదు.

ఆ మనిషిని నేను బాబాయ్ అనేదాన్ని. చుట్టం కాదు. శ్రీకాకుళం వైపు మా నాన్న ఊరికి పక్క ఊరివాడు, నాన్నని అన్నా అంటాడు, అందుకని నాకు బాబాయ్. ఉక్కు ప్లాంటు పనివాళ్ళుండే క్యాంప్ వన్‌లో మా వరసలో చివరి ఇల్లు వాళ్ళది. చరోదా అవతల ఒక ప్రైవేటు బొగ్గు యార్డులో గుమాస్తాగా పనిచేసేవాడు. జీతం అంతంతమాత్రం. కానీ వీధిలో ఆయనకున్న మర్యాద జీతాన్ని బట్టి వచ్చింది కాదు, గుండిగల వల్ల వచ్చింది.

మా వీధివాళ్ళందరూ కలిసి వంట సామాను కొనుక్కున్నారు. పెద్ద గుండిగలు, గంగాళం, జల్లిగరిటెలు, అన్నం ఆరబోసే చాపలు. ఎవరింట్లో పెళ్ళైనా, పేరంటమైనా, దినమైనా అవే. అందరివీ కాబట్టి వాటిమీద ఎవరి పేరూ కొట్టించలేదు. అవన్నీ బాబాయ్ ఇంటి వెనక రేకుల గదిలో ఉండేవి. కావలసినవాళ్ళు ఆయనకి చెప్పి పట్టుకెళ్ళాలి, తోమి తిరిగి ఆయన చేతికే ఇవ్వాలి. ఒకరి దగ్గరున్నంతసేపు ఇంకొకరు వాటివైపు చూడకూడదు. గుండిగ పట్టుకెళ్ళినవాడు పక్కింటివాడికి నేరుగా చేతులు మార్చడం కూడా కుదరదు, ముందు రేకుల గదికి రావాల్సిందే. ఒకేరోజు రెండిళ్ళలో శుభకార్యాలైతే ఏది ఎవరికో బాబాయే తేల్చేవాడు. ఆయన తేల్చాక ఎవరూ మారు మాట్లాడేవాళ్ళు కాదు. ఇలాంటి పని దొంగ అని పేరున్నవాడికి ఎవరిస్తారు?

ఒక సాయంత్రం ఆయన డ్యూటీ నుంచి నేరుగా మా ఇంటికి వచ్చాడు. చెప్పులు విప్పలేదు. గుమ్మంలోనే నిలబడ్డాడు. మా నాన్న ప్లాంటులో ఎలక్ట్రీషియన్, అప్పుడే ఎ షిఫ్టు నుంచి వచ్చి పడుకుని లేచాడు.

“అన్నా, కంపూటరు నన్ను దొంగంటంది,” అన్నాడు బాబాయ్.

“ఏటిరా ఆ మాటలు? లోపలికి రా, కూకో.”

కూచున్నాడు. మా అమ్మ ఇచ్చిన టీ చేతిలో పట్టుకునే చెప్పాడు. యార్డులో రెండు కాంటాలు ఉన్నాయి. లారీని నిలబెట్టి తూచే పెద్ద కాటాలన్నమాట, అక్కడివాళ్ళు కాంటా అనేవారు, మేమూ అదే అనేవాళ్ళం. రెండింటి మధ్య చిన్న క్యాబిన్, అటొక కిటికీ, ఇటొక కిటికీ. లోపల బాబాయ్ కూచుని, ఏ లారీ ఎంత తూగిందో చూసి చేత్తో చీటీ రాసి డ్రైవర్‌కి ఇచ్చేవాడు. ఆ మధ్య యజమాని కంప్యూటర్ పెట్టించాడు. రెండు కాంటాల నుంచీ తీగలు దానికి వచ్చాయి. రోజంతా ఎంత బొగ్గు వచ్చిందో అదే కలుపుకుంటూ పోయి మొత్తం చూపిస్తుంది. బాబాయ్ చీటీలు కూడితే వచ్చే మొత్తం ఒకటి, కంప్యూటర్ మొత్తం ఇంకొకటి అవుతున్నాయి. రోజూ కాదు, అప్పుడప్పుడు. అయినప్పుడల్లా కంప్యూటర్‌దే తక్కువ, సరిగ్గా ఒక లారీ అంత తక్కువ. దాంతో యజమాని, రాని లారీకి బాబాయ్ చీటీ రాస్తున్నాడనీ, డ్రైవర్లతో కుమ్మక్కయ్యాడనీ తేల్చేశాడు.

“మనిసి అబద్దం సెప్తాడు గానీ కంపూటరు సెప్దంట,” అన్నాడు బాబాయ్. “నెలాకరు దాకా సూత్తాడంట. అప్పటికీ లెక్క కుదరకపోతే నన్ను పోలీసులకి ఇచ్చీస్తాడంట.”

“ఎవరు చేశారు బాబాయ్ ఆ ప్రోగ్రాం?” అన్నాను.

“మీ సెంటరోళ్ళే గదమ్మా. మీ సారే వచ్చి బిగించి ఎల్నాడు.”

ఆ ప్రోగ్రాం సెంటర్ కంప్యూటర్‌లోనే ఉంది. సెంటర్ నడిపే సారు దాన్ని జావాలో రాశాననీ, ఈ ఊళ్ళో ఇంకెవరూ అంత ధైర్యం చెయ్యలేదనీ క్లాసుల్లో చెప్పుకునేవాడు. మర్నాడు పిల్లలు రాకముందే వెళ్ళి తెరిచి చదివాను. కష్టపడి వెతకాల్సింది ఏమీ లేదు. కళ్ళెదురుగానే ఉంది.

ఒకే ప్రోగ్రాంలో రెండు పనులు ఏకకాలంలో నడవాలంటే రెండు థ్రెడ్లు పెడతారు. ఇక్కడ కాంటాకి ఒక థ్రెడ్. ఇద్దరికీ కలిపి “మొత్తం” ఒక్కటే. లారీ తూగగానే ఆ కాంటా థ్రెడ్ ఏం చెయ్యాలంటే, ఉన్న మొత్తాన్ని చదవాలి, తన లారీ బరువు కలపాలి, వచ్చినదాన్ని తిరిగి అక్కడే రాయాలి. రెండు కాంటాల మీదా లారీలు ఒకే క్షణంలో తూగాయనుకోండి. ఇద్దరూ పాత మొత్తాన్నే చదువుకుంటారు. ఎవరిది వాళ్ళు కలుపుకుంటారు. ముందొకరు రాస్తారు, వెనకాలే రెండోవాళ్ళు వచ్చి దానిమీదే రాసేస్తారు. మొదటి లారీ బరువు గాలికి పోతుంది. లారీ వచ్చింది, బొగ్గు దిగింది, చీటీ నిజం. కంప్యూటర్ మొత్తమే తప్పు.

దీనికి జావాలో మందు లేకపోలేదు. సింక్రొనైజ్డ్ అని ఒక కాపలా మాట ఉంది. అది పెడితే ఒకరు లోపల ఉన్నంతసేపు రెండోవారు బయట ఆగుతారు. సారు పెట్టలేదు. అది పెట్టకపోయినా కంపైలర్ కిక్కురుమనలేదు. నన్ను మండించింది అదే. ఆ మొత్తానికి రకం రాసి ఉంది, పూర్ణాంకం అని. అందులో అక్షరం పెట్టబోతే ఊరుకోదు. కానీ అది ఒక్కరు ముట్టుకునేదా, ఇద్దరు ముట్టుకునేదా అని రాయడానికి ఆ రకంలో చోటే లేదు. కాపలా పెట్టుకుంటే పెట్టుకో, లేకపోతే నీ ఖర్మ. మా వీధిలో చదువురాని ముసలమ్మకి కూడా తెలుసు, గిన్నె అంటే ఎంత పట్టే గిన్నె అన్నది ఒక్కటే కాదు, ఎవరి గిన్నె అన్నది కూడా అని. మా ఇంటి చెంబు ఎవరికీ చెప్పకుండా నేనే తీసుకోవచ్చు, వీధి గుండిగ అలా కుదరదు. ఇంత చిన్న ఇంగితం, అంత పేరుమోసిన భాషకి లేకపోయింది.

సారు రాగానే చెప్పాను. ఆయన కాదనలేదు. కాపలా పెడితే ప్రోగ్రాం నెమ్మదిస్తుందని వదిలేశానన్నాడు. అలాంటి క్షణం వెయ్యిలో ఒకసారి కూడా రాదన్నాడు.

“వస్తోంది సార్. మధ్యాహ్నం లారీలు వరస కట్టినప్పుడు వస్తోంది. ఒక్క మాట చేర్చి ఫ్లాపీలో పట్టుకెళ్ళి వేసేస్తాను.”

“చల్తీ గాడీ మే హాథ్ నహీ డాల్తే,” అన్నాడు సారు. నడుస్తున్న బండిలో చెయ్యి పెట్టకూడదట. బండి మనిషి మీంచి నడుస్తున్నా సరే అనుకోవాలి కాబోలు. యార్డు యజమానికి ఇంకా యార్డులున్నాయి, వాటన్నిటికీ ఇదే ప్రోగ్రాం అమ్మాలని సారు ఆశ. తప్పు మాదే అంటే ఆ ఆశ పోతుంది. ఆయన ఆ మాట పైకి అనలేదు. యజమానికి నేనే నిరూపించి చూపిస్తానంటే మాత్రం, చూపించుకో అన్నాడు.

చూపించడానికి బాబాయ్‌తో కలిసి యార్డుకి వెళ్ళాను. సారు స్కూటర్ మీద వెనకాల వచ్చాడు. యజమాని క్యాబిన్‌లో కుర్చీ వేయించుకుని కూచున్నాడు. పెద్దాయన, మాట నెమ్మది, నన్ను బేటీ అన్నాడు. రెండు కాంటాల మీదా లారీలు ఒకేసారి ఎక్కించమన్నాను. ఎక్కించారు. మొత్తం సరిగ్గా వచ్చింది. మళ్ళీ ఎక్కించారు. మళ్ళీ సరిగ్గా వచ్చింది. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా, ఆ దిక్కుమాలిన ప్రోగ్రాం పెళ్ళిచూపుల్లో కూచున్న పిల్లలాగా ఒక్క పొరపాటు చెయ్యలేదు. ఒకే క్షణం అంటే మనం అనుకునే క్షణం కాదు, కంటిరెప్ప కంటే ఎన్నో రెట్లు చిన్నది. కావాలని పట్టుకుందామంటే దొరకదు. యజమాని నవ్వుతున్నాడు. బాబాయ్ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. నాకు ఏడుపొచ్చింది, కానీ ఏడవలేదు.

అప్పుడు ఫ్లాపీ తీశాను. ముందే సిద్ధం చేసుకొచ్చాను. అందులో ప్రోగ్రాం అదే, ఒక్క తేడాతో. చదవడానికీ రాయడానికీ మధ్య కాసేపు ఆగమన్నాను. ఆ సన్నటి క్షణాన్ని సాగదీసి, కంటికి కనిపించేంత వెడల్పు చేశానన్నమాట. లారీలు ఎక్కాయి. రెండూ తూగాయి. మొత్తంలో ఒక్కటే చేరింది. ఇంకోసారి చేయించాను. మళ్ళీ ఒక్కటే చేరింది. రెండు లారీలూ కాంటాల మీద నిలబడే ఉన్నాయి, బొగ్గు కనబడుతూనే ఉంది, తెర మీద ఒకదాని బరువు లేదు. బాబాయ్ లేచి నిలబడ్డాడు. ఆయన మొహం చూసి నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

యజమాని తెర వైపు వేలు చూపించాడు. “బేటీ, మధ్యలో ఈ ఆగడం నువ్వే పెట్టావు కదా?” అని హిందీలో అడిగాడు.

అవునన్నాను.

“నువ్వు పెట్టకముందు తప్పు రాలేదు. నువ్వు పెట్టాక వచ్చింది. మరి తప్పు ఎవరు చేసినట్టు?”

నేను సారు వైపు చూశాను. ఈ మనిషి నాకు థ్రెడ్లు నేర్పినవాడు. ఆ ఆగడం తప్పుని పుట్టించదనీ, ఉన్నదాన్ని పెద్దది చేసి చూపిస్తుందనీ ఆయనకి తెలుసు. సారు కళ్ళజోడు తుడుచుకుంటూ, పిల్లకి అనుభవం తక్కువ అన్నాడు. నేను అరిచాను. ఏమని అరిచానో సగం హిందీలో, సగం తెలుగులో, నాకే గుర్తులేదు. బాబాయే నా భుజం పట్టుకుని, “ఊరుకోమ్మా, ఎల్దాం పద,” అన్నాడు.

సారు ఊరికే ఉండలేదు. రెండురోజుల తర్వాత యజమానికి ఒక సలహా ఇచ్చాడు. రెండు కాంటాలూ ఒకేసారి తూచకుండా చూసుకుంటే ఏ గొడవా ఉండదని. అంటే తప్పు ఎక్కడుందో ఒప్పుకున్నట్టే, నోటితో తప్ప. దానికోసం చరోదాలో రైల్వేవాళ్ళెవరి దగ్గరో ఒక పాత పచ్చజెండా సంపాదించారు. ఆ జెండా ఏ కాంటా వైపు ఊపితే ఆ లారీయే ఎక్కాలి, అది తూగి దిగేదాకా రెండోది ఆగాలి. జెండా పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి. బాబాయ్‌ని క్యాబిన్‌లోంచి లేపి ఎండలో నిలబెట్టారు. చీటీలు రాయడానికి యజమాని మేనల్లుడు వచ్చి ఆ కుర్చీలో కూచున్నాడు. సారు రాయని ఒక్క మాట ఖరీదు అది. ఆ మాట చెయ్యాల్సిన పనిని ఒక మనిషి పొద్దస్తమానం బొగ్గుదుమ్ములో చెయ్యి ఊపుతూ చేశాడు.

ఆ రోజు నుంచి లెక్క తేడా రాలేదు. రాదు కదా. ఒకసారికి ఒకరే లోపలికి వెళ్తున్నప్పుడు ఎందుకొస్తుంది? పోలీసుల మాట పోయిందని మేము ఊపిరి పీల్చుకున్నాం. కానీ యజమానికి అర్థమైంది వేరు. అదే మాట పదిమందికీ చెప్పాడు, యార్డు నుంచి సుపేలాకి, సుపేలా నుంచి క్యాంపుకి వచ్చింది. చూశారా, వాడి చేతిలోంచి కలం తీసేసి జెండా ఇచ్చాం, లెక్క కుదిరింది, అని.

అంతటి తర్కం ముందు నేనేం చెయ్యను? రోగానికి మందు వేస్తే, రోగి దొంగ అని తేలింది. జెండా తీసెయ్యండి, బాబాయ్‌ని కుర్చీలోంచి లేపే ఉంచండి, అయినా తేడా వస్తుంది చూడండి అని యజమాని దగ్గరికి కబురు పంపాను. బాగున్న లెక్కని ఎవరు చెడగొట్టుకుంటారమ్మా అని జవాబొచ్చింది.

కొన్నాళ్ళకి వీధిలో పెద్దవాళ్ళు నలుగురు బాబాయ్ ఇంటికి వచ్చారు. దొంగ అన్న మాట ఒక్కరూ ఎత్తలేదు. “ఎండలో నిలబడి అలిసిపోతన్నావు, నీకెందుకు ఈ సాకిరీ? గుండిగలు మేం అట్టుకుపోతాం, పైవరసలో ఎట్టుకుంటాం,” అన్నారు. ఎంత మర్యాదగా అన్నారంటే, కాదనడానికి సందు లేదు. బాబాయ్ తనే తలుపు తీసి ఒక్కొక్కటే బయటికి అందించాడు. అవి వెళ్ళాక పిన్ని రేకుల గది ఊడ్చింది. ఊడ్చినదే ఊడ్చింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. కొళాయి దగ్గర ఆడవాళ్ళని నిలబెట్టి థ్రెడ్లంటే ఏమిటో చెప్పాను. రెండు బిందెలు చూపించి, ఇది ఒక కాంటా, ఇది ఒక కాంటా అన్నాను. విన్నారు. “సదువుకున్నదానివి, నువ్వు సెప్తే అవునంటాం,” అన్నారు. గుండిగలు మాత్రం వెనక్కి రాలేదు. ఇంటికొచ్చి నాన్నతో పోట్లాడాను, మీరైనా ఆ నలుగురితో మాట్లాడరేం అని.

నాన్న ప్లాంటులో ఏ మోటారు విప్పాల్సి వచ్చినా ముందు దాని ఫ్యూజు పీకి జేబులో వేసుకుని, స్విచ్చికి ఎర్ర బోర్డు తగిలించేవాడు. తగిలించినవాడే తియ్యాలి, పైఆఫీసరు చెప్పినా ఇంకొకడు ముట్టుకోకూడదు. అంత గట్టి నియమాల మధ్య బతికినవాడు ఈ విషయంలో నాకు తోడు వస్తాడనుకున్నాను.

“దొంగని కానని ఎన్నిపాల్లు సెప్తే అంత దొంగలాగుంటాది,” అన్నాడు నాన్న. “నువ్వు అరుస్తన్నకొద్దీ ఆడికే ముప్పు. ఊరుకో.”

ఊరుకున్నాను. అందులో నిజం ఉందని నాకు తెలుసు, అందుకే ఇంకా కోపం వచ్చింది. ఆ నెలలోనే సెంటర్ మానేశాను. సారు నన్ను బతిమాలలేదు.

తర్వాత నా బతుకంతా ప్రోగ్రాంలతోనే గడిచింది, రాయ్‌పూర్‌లో. ఎన్నో భాషలు రాశాను. ప్రతి కొత్త భాషలోనూ మొట్టమొదట అడిగే ప్రశ్న ఒకటే, ఇద్దరు ముట్టుకునేదాన్ని కాపలా లేకుండా వదిలేస్తే నువ్వు అరుస్తావా అని. చాలావరకు అన్నీ ఆ పాత బెల్లం కొట్టిన రాయి చుట్టాలే. ఈమధ్య ఒకటి దొరికింది. అందులో ప్రతి వస్తువు రకంలోనే రాసి ఉంటుంది, ఇది థ్రెడ్ల మధ్య పంచుకోదగ్గదా కాదా అని. చదివేవాళ్ళు ఎంతమందైనా ఉండొచ్చు, మార్చేవాళ్ళు ఉంటే ఒక్కరే ఉండాలి. లేదంటే ప్రోగ్రాం తయారే కాదు. నేను ఇంకేమీ రాయలేదు. రెండు కాంటాలు రాశాను, ఒక మొత్తం రాశాను. కాపలా పెట్టలేదు, సారు రాసినట్టే రాశాను. కంపైలర్‌కి ఇచ్చాను. కుదరదంది. ఏ వరసలో, ఏ మాట దగ్గర, ఎందుకు కుదరదో ఎర్రటి అక్షరాల్లో చెప్పింది. నా జన్మలో తిట్టు తిని అంత సంబరపడింది లేదు.

దాన్ని ఫోన్‌లో ఫోటో తీసుకుని ఆ ఆదివారమే క్యాంప్ వన్‌కి వెళ్ళాను. బాబాయ్ అదే ఇంట్లో ఉన్నాడు. గుమ్మం ముందు కుర్చీ వేసుకుని కూచున్నాడు, చూపు మందగించింది. నేను పక్కన పీట వేసుకుని మొదటి నుంచీ చెప్పాను, రెండు లారీలూ, పోయిన బరువూ, ఈ కొత్త భాష ఏమందో అన్నీ.

“అంటే, ఈ బాస ఆ రోజుల్లోనే ఉండుంటే?”

“ఆ ప్రోగ్రాం తయారయ్యేదే కాదు బాబాయ్. యార్డు దాకా వచ్చేదే కాదు.”

ఆయన లోపలికి కేకేశాడు. “ఏయ్, ఇలగ రా. గుంట ఏటి సెప్తందో ఇను. మళ్ళా సెప్పమ్మా.”

పిన్ని చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది. మళ్ళీ చెప్పాను. ఆమె ఓపిగ్గా చివరిదాకా విన్నది.

“నాకెందుకమ్మా సెప్పడం? నాకప్పుడే తెల్దేటి?” అంది. “ఆ గుండిగలట్టుకెళ్ళినోళ్ళకి సెప్పు.”

వాళ్ళలో ఇద్దరు పోయారు. ఒకాయన కొడుకు దగ్గరికి విశాఖపట్నం వెళ్ళిపోయాడు. ఇంకొకాయనకి మతి లేదు. ఇప్పుడు వీధిలో అందరూ క్యాటరింగ్‌వాళ్ళకి చెప్పుకుంటున్నారు, గుండిగల్ని ఎప్పుడో పాతసామాన్లవాడికి ఇచ్చేశారట. యజమాని లేడు, యార్డు లేదు. నా ఫోన్‌లో మాత్రం బాబాయ్ దొంగ కాదని ఎర్రటి అక్షరాల్లో ఉంది. దాన్ని ఎవరికి చూపించాలో నాకు తోచలేదు. పిన్ని లోపలికి వెళ్ళిపోయింది.

బాబాయ్ కుర్చీ నా వైపుకి కొంచెం జరుపుకున్నాడు.

“మరోపాలి సెప్పమ్మా,” అన్నాడు. “మెల్లగా సెప్పు.”